రోజుకు ఎనిమిది

అమ్మ బైబిలుకు అట్ట ఊడి చాలా ఏండ్లయింది. పాత చీర అంచు చింపి కట్టింది. పాలకుర్తిలో సోమేశ్వరుని గుట్ట మీద గంట మోగేసరికే అమ్మ వాకిట్లో కూచుని, ఒక్కో అక్షరం కింద వేలు జరుపుతూ చదువుతుండేది. 119వ కీర్తనలో 176 వచనాలు. రోజుకు ఎనిమిదే. 22 రోజులకు ముగిసేది, మళ్లీ మొదలు.

"ఒక్కసారే చదవరాదమ్మా?" అంటే, "ఒక్కపూట తిని వారముంటవా బిడ్డా?" అనేది.

పక్కనే పోతన బమ్మెర. పాల్కురికి సోమనాథుడిదీ ఈ మట్టే. మాటను దేవుడికి ముడుపు కట్టడం ఇక్కడ పాత అలవాటే.

ఇప్పుడు నా ఫోనులోనూ బైబిలుంది. వేలు తాకితే అధ్యాయాలు జారిపోతాయి, మనసు వాటికంటే ముందే జారుతుంది. ఇవాళ అమ్మ పుస్తకం తీశాను. ఆ కీర్తన దగ్గర కాగితం నూనె మరకతో పలచబడి, అవతలి పక్క అక్షరాలు కనిపిస్తున్నాయి. ఆ మరక మీద వేలు పెట్టి, ఎనిమిది చదివాను.