ఆకాంక్ష, యోగ్యత, పైథాను

మా నాన్నగారు జీవితకాలంలో రాసుకున్న పద్యాల నోటుపుస్తకం చెదల పాలైంది. అంతకు ముందే వాటిని యూనికోడులో టైపు చేసి ఉంచుకున్నాను గనుక పద్యాలు దక్కాయి. వాటి గణయతిప్రాసలను పరిశీలించడానికి నా పూర్వవిద్యార్థి ఒకడు 2022లో పైథాను భాషలో చిన్న ప్రోగ్రాము రాసి పంపాడు. దానికి పైథాను 3.10 కావాలి. నా ఉబుంటు 20.04లో ఉన్నది 3.8.

కొత్తదాన్ని తెచ్చి పెట్టుకున్నాను. రెండూ పక్కపక్కనే ఉండగలవు. అంతటితో ఆగితే సరిపోయేది. కానీ పైథాను3 అని పిలిస్తే ఇంకా పాతదే పలుకుతున్నదన్న ఉక్రోషంతో, ఆ పేరుగల లంకెను కొత్తదానివైపు తిప్పేశాను. ఆ తరువాత టెర్మినల్ తెరుచుకోలేదు.

ఉబుంటులో టెర్మినల్‌ను తెరిచేదీ, ప్యాకేజీల బాగోగులు చూసే ఉపకరణాలలో కొన్నీ పైథానులో రాసినవేనట. ఆ సంగతి ఎవరు చెప్పారు నాకు! భాషాప్రవీణ చదివే రోజుల్లో వల్లె వేసిన పాఠం గుర్తుకొచ్చింది. పదాలు వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలి. ఇక్కడ టెర్మినల్‌కు ఒక మాడ్యూలు కావాలి: ఆకాంక్ష ఉన్నది. ఆ మాడ్యూలు అదే డిస్కులో ఉన్నది: సన్నిధికీ లోటు లేదు. కానీ అది 3.8 కోసం కూర్చినది, పిలుస్తున్నది 3.10. యోగ్యత లేదు. "నిప్పుతో తడిపెను" అన్న వాక్యం వంటిదే.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే నల్లతెర వచ్చింది. దస్త్రాల జాబితా అడిగాను. ఆ తెరకు తెలుగు రాదు. నాన్నగారి పద్యాల పేర్లన్నీ అర్థంలేని గుర్తులై నిలిచాయి. దస్త్రాలకేమీ కాలేదని బుద్ధికి తెలుసు, గుండెకు తెలియలేదు. వణికే వేళ్లతో లంకెను మళ్లీ 3.8 వైపు తిప్పాను. టెర్మినల్ తెరుచుకున్నది. మొదట చేసిన పని, పద్యాలను రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించడం.

విషయం విన్న శిష్యుడు, "మాస్టారూ, ఇంటి పెద్దను కదపకండి, కొత్తవాడిచేత వేరుకాపురం పెట్టించండి" అన్నాడు. ఆ వేరుకాపురం పేరు వెన్వ్. పైథానులో 2012 నుండీ ఉన్న సదుపాయమే. ఒక ఫోల్డరులో 3.10, దానికి కావలసిన సరంజామా ఉంటాయి. బయటి సంసారంతో దానికి పేచీ లేదు. 2023లో వచ్చిన డెబియన్ 12 మొదలుకొని, వ్యవస్థకు చెందిన పైథానులోకి పిప్ ద్వారా ఏదైనా చొప్పించబోతే అదే అడ్డు చెబుతుంది. ఆ అడ్డు నాకు ఏడాది ముందే ఎదురైతే ఎంత బాగుండేది!

వేరుకాపురంలో ప్రోగ్రాము చక్కగా నడిచింది. నడిచి, నాన్నగారి తేటగీతి ఒకదానిలో యతిభంగం ఉన్నదని తేల్చింది. కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. అక్కడ ఉన్నది ప్రాసయతి. తేటగీతిలో అది చెల్లుతుంది. ఆ రాత్రే శిష్యుడికి ఉత్తరం రాశాను.