తాటాకుల ముందు కాసేపు

తాళపత్ర గ్రంథం చదవాలంటే ఓపిక కావాలి. పలకల మధ్య దారం వేసి బిగించిన కట్ట విప్పగానే నిమ్మగడ్డి నూనె వాసన. గంటంతో గీసిన అక్షరాలు మసి పూస్తేగానీ సరిగా కనపడవు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, పద్యానికి పాదాల విరుపూ ఉండదు. యతిప్రాసలు తెలిసిన చెవే దారి చూపాలి.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనంలో చాలాకాలం ఉన్న ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం తలుచుకుంటే నాకు ముందు మెదిలేది తెలుగు ప్రతులు సేకరించి పరిష్కరింపజేసిన బ్రౌను దొర కాదు, ఆయన దగ్గర జీతానికి కూర్చుని ప్రతులు సరిపోల్చిన పండితులు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయంటే అందులో వాళ్ల చెమట ఎంతో ఉంది. పాత రాతప్రతులు పోగుచేయించిన మెకంజీ దొర కోసం ఊళ్లు పట్టి తిరిగిన కావలి సోదరులదీ అదే కథ. వాళ్లలో బొర్రయ్య 1803లోనే, ముప్పై ఏళ్లు నిండకుండానే పోయాడు. పేరు మాత్రం దొరలకు దక్కింది. అయితే, డబ్బు పెట్టి రాయించింది వాళ్లేనన్న మాటా కాదనలేం.

ఇప్పుడు స్కానింగులు వచ్చాయి. వాసన రాదు గానీ అక్షరం పెద్దదవుతుంది, సుఖమే. చదవగలిగినవాళ్లే కరువు.

మీ అటక మీద తాటాకుల కట్ట ఉంటే పుష్కరాలకు నదిలో వదిలేయకండి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థకో, మీకు దగ్గర్లోని విశ్వవిద్యాలయానికో ఒక ఉత్తరం రాయండి.