కొండ చూడవలెనను కోరిక

గర్భిణి మనసున మెదలిన కోరికను త్రోసిపుచ్చరాదని మన పెద్దలు నమ్మిరి. ఆ నమ్మకమునకు కావ్యసాక్ష్యము వెదకువానికి ముందుగా ఎదురగునది భవభూతి ఉత్తరరామచరితము. అందు ప్రథమాంకమున పూర్ణగర్భిణియైన సీతకు లక్ష్మణుడు చిత్రపటములను చూపును. తాము సంచరించిన అడవులను, నదులను ఆ పటములలో చూచి చూచి, మరల ఆ వనములలో విహరించి భాగీరథిలో మునుగవలెనని ఆమె కోరును. అమరావతి శిల్పి సైతము బుద్ధుని కన్నతల్లి మాయాదేవిని చెట్టుకొమ్మ చేతబట్టి ఆరుబయట నిలిచిన రూపముననే మలచెను. కావున 1991 ఆగస్టులో అమెరికాలోని వానిటీ ఫెయిర్ పత్రిక, యానీ లీబొవిట్జ్ తీసిన డెమీ మూర్ నిండుచూలాలి ఛాయాచిత్రమును ముఖపత్రమున ప్రకటించి లోకమును ఉలికిపాటుకు గురిచేసినను, చూలాలిని చిత్రించుట పడమటివారు మనకు నేర్పిన వేడుక యని నేననుకొనను.

మా మేనకోడలు మైపాడు ప్రాంతమున కడలిహోరు వినుచు పెరిగిన పిల్ల. ఆమెకు నెలలు నిండుచుండగా మెటర్నిటీ షూట్ మాట వచ్చినది. ఇసుకతిన్నెలు చాలునని అందరు ననిరి. “పుట్టినప్పటి నుంచీ చూస్తున్న సముద్రమే గదా మామయ్యా, ఈ బిడ్డతో కొండల్లో ఒక ఫొటో దిగాలని ఉంది” అని ఆమె యన్నది. “కడుపుతో ఉన్న పిల్ల కొండెక్కకూడదు నాయనా” అని మా అమ్మ అడ్డుపడినది. కాలినడకనే కొండలెక్కుచు, వైద్యుడు ఆమడ దూరమున నుండిన కాలమున పుట్టిన ఆ నిషేధము వెనుక ఎంతటి దయ కలదో తలచినచో దానిని మూఢత్వమని కొట్టివేయుటకు నాకు మనసొప్పలేదు. ఇద్దరి మాటయు నిలుపగల తావు కావలసివచ్చినది.

అట్టి తావు పెంచలకోన. నెల్లూరుసీమను కడపసీమనుండి వేరుచేయు వెలిగొండలలో పెనుశిల లక్ష్మీనరసింహస్వామి కొండకొమ్మున గాక కొండపాదమున వెలసియున్నాడు. పొదలకూరు, రాపూరు మీదుగా పోయిన కారు గుడిచెంతకే చేరును గనుక, ఒక్క మెట్టయినను ఎక్కకయే కొండలు కన్నులకు దక్కును. హిరణ్యకశిపుని చీల్చిన ఉగ్రమూర్తి చెంచులక్ష్మి వలపునకు లొంగి శాంతించి ఇచటనే ఆమెను చేపట్టెనని స్థలపురాణము. చూలాలికి చూపదగిన చోటు ఇంతకన్న వేరేమి కలదు?

కాని సమయమును తెలిసి పోవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము మన తీరమును తడుపుచుండగా కోనలోని బండలు జారును. మే నెల ఎండ చూలాలు ఓర్వగలది కాదు. పుష్య మాఘములే మేలు. ఇక వెలుగు సంగతి. ఫొటోగ్రాఫర్లు సాధారణముగా సాయంకాలపు బంగారు ఎండను కోరుదురు. అయితే కొండలకు తూర్పున ఒదిగిన ఈ కోనలో ప్రొద్దు శిఖరముల వెనుకకు తొందరగా జారిపోవుటచే సాయంత్రము కాకమునుపే నీడ క్రమ్మును. ఉదయపు టెండ మాత్రము సముద్రమువైపునుండి వచ్చి తూర్పువాలులపై సూటిగా, మెత్తగా పడును. ఆ ఎండకై రాత్రివేళ ప్రయాణము చేయించుట కంటె, ముందునాడే పోయి వసతిగృహమున విశ్రమించి, తెల్లవారి నింపాదిగా సిద్ధమగుటయే ఉచితము.

జలపాతముకడకు పోవలెనన్న ఆశను విడిచితిమి. ఆ దారి రాళ్ళమయము. కోన అభయారణ్యములోనిది గావున రంగుపొగల డబ్బాలు వలదంటిమి. పక్షులను, మృగములను బెదరించి సంపాదించిన అందము నా కంటికి అందముగా తోపదు. నేలపై జీరాడు పొడవు గౌనునకు మారుగా, తేలికైన వెంకటగిరి నూలుచీరను ఆమెయే ఎంచుకొన్నది. 30 వారములు దాటినపిమ్మట, వైద్యురాలు రక్తపోటు చూచి సరేయన్న మీదటనే రోజు నిర్ణయింపవలెనని అనుకొంటిమి.

ఫొటోగ్రాఫరు తెచ్చిన భంగిమల పట్టికలో బండమీద నిలుచునవి, వెనుకకు వ్రాలునవి కొట్టివేసితిమి. ఒక కుర్చీ, మంచినీరు, మజ్జిగ చేరువనే ఉండవలెననియు, ఆమె చాలునన్న క్షణమున వెలుగెంత బాగున్నను కెమెరా మూయవలెననియు అతనిని ముందే ఒప్పించితిమి. మొదటి చిత్రము మాత్రము దంపతులది కాదు. తాను మనుమరాలి చేతులకు గాజులు తొడుగుచుండగా తీయవలెనని మా అమ్మ పెట్టిన షరతు.