మాస్టారి గదిలో పిండిమిల్లు

'ఏవండీ, మీ వెనకాల ఎవరన్నా పిండి ఆడిస్తున్నారా?'

గంటసేపు గొంతు నొప్పెట్టేలా నవల చదివి, కంప్యూటర్లో రికార్డు చేసి, ఎలా ఉందో చెబుతుందని ఆశగా చూస్తున్న మాస్టారికి భార్య నోట వచ్చిన మొదటి మాట అది. మొహం చిన్నబోయింది. ఇయర్‌ఫోన్లు తీసి తన చెవుల్లో పెట్టుకున్నారు. నిజమే. తన గొంతు వెనకాల 'గుయ్‌...' మని ఎడతెగని మోత. మధ్యమధ్య 'కర్‌ర్... కర్‌ర్...' మని ఇంకేదో. ఇంతకాలం ఆ గదిలోనే కూర్చున్నా ఆ చప్పుడు ఎప్పుడూ వినబడనే లేదాయనకి!

రాజమండ్రి దానవాయిపేటలో రెండు గదుల పాత పెంకుటిల్లు వాళ్లది. ఆయన హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆవిడకి పుస్తకం లేనిదే పూట గడిచేది కాదు. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, సూదీదారంతో కుట్టి దాచుకున్న తరం. అలాంటి మనిషికి నాలుగేళ్ల కిందట రెండు కళ్లలోనూ రెటీనా మధ్యభాగం దెబ్బతింది. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, మొహం కనిపించదు. పుస్తకం కనిపిస్తుంది, అక్షరం కనిపించదు. ఇంజెక్షన్లతో మిగిలిన చూపు నిలబడిందిగానీ పోయింది మాత్రం తిరిగి రాలేదు.

మొదట్లో రాత్రిపూట మాస్టారే చదివి వినిపించేవారు. చిక్కేమిటంటే ఆయనకి తొమ్మిదిన్నర కొట్టేసరికి కునుకు. ఆవిడకి ఒంటిగంట దాటితేగానీ కన్ను మూతపడదు. కథ మంచిపట్టులో ఉండగా చదివేవాడు గుర్రుపెడితే వినేవాళ్లకి ఎంత ఉక్రోషం! అందుకని పగలు చదివి రికార్డు చేసి ఉంచితే రాత్రి ఆవిడ తీరిగ్గా వింటుందనుకున్నారు. ఫోన్లో చేయొచ్చుగా అంటారేమో. చేశారు. సరిగ్గా నాయిక నోరు విప్పబోయే చోట లోన్ కావాలా అంటూ ఎవరో ఫోన్ చేసేవారు. తప్పు చదివితే దిద్దడమూ రాలేదు. ఇంటర్ చదువుకి హైదరాబాద్ వెళ్తూ మనవడు వదిలేసిన డెస్క్‌టాప్ ఇంట్లోనే ఉంది. వాడే ఓ మైకు కొనిపెట్టి, తప్పు ముక్క కత్తిరించి కొత్తది అతికించడం నేర్పాడు. పెద్ద తెర, పెద్ద అక్షరాలు. మాస్టారికి సుఖంగా ఉంది. ఇదిగో, ఈ పిండిమిల్లు ఒక్కటే!

మన చెవి చాలా గడుసుది. ఎడతెగకుండా ఒకేలా మోగే చప్పుడుని కాసేపటికి పక్కకి నెట్టేస్తుంది. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోందన్న సంగతి కరెంటు పోయినప్పుడే గుర్తొస్తుంది. మైకుకి ఆ గడుసుతనం లేదు. అన్నీ సమానంగా మింగుతుంది.

మనవడికి ఫోన్ చేస్తే 'తాతయ్యా, నాయిస్ రిడక్షన్ అని ఉంటుంది, అది నొక్కు' అన్నాడు. నొక్కారు. మోత పోయింది. దాంతోపాటు గొంతులో జీవం కూడా పోయింది. 'బిందెలో తలపెట్టి మాట్లాడుతున్నట్టుందండీ' అందావిడ. మోత కొద్దిగా ఉంటే ఆ కిటుకు పనిచేస్తుంది. గొంతుతో పోటీపడేంత మోత ఉంటే మాత్రం తీసేటప్పుడు గొంతులోని ముక్కల్ని కూడా పట్టుకుపోతుంది.

అప్పుడు మాస్టారు సొంత వైద్యం మొదలుపెట్టారు. బొంత తెచ్చి సీపీయూ డబ్బాకి నాలుగువైపులా చుట్టారు. గది ఎంత ప్రశాంతంగా అయిపోయిందని! ఉత్సాహంగా మూడో అధ్యాయం ఎత్తుకున్నారు. నలభై నిమిషాలయ్యాక తెర ఉన్నట్టుండి నల్లబడింది. సేవ్ చేయలేదు. అధ్యాయమంతా గాల్లో కలిసిపోయింది. బొంత తీసి డబ్బా మీద చెయ్యి వేస్తే ఇస్త్రీపెట్టెలా కాలుతోంది.

చాలా ఇళ్లలో జరిగే పొరపాటే ఇది. కంప్యూటర్లో చప్పుడు చేసేవి ముఖ్యంగా ఫ్యాన్లు. అవి ఉన్నది లోపలి వేడిని బయటికి తోలడానికి. గాలి దారి మూసేస్తే వేడి పెరుగుతుంది. ప్రాసెసర్ ముందు తన వేగం తగ్గించుకుని చూస్తుంది. అయినా చల్లబడక వంద డిగ్రీల దరిదాపులకి చేరితే కాలిపోకుండా తనంతట తనే ఆగిపోతుంది. అలా ఆగబట్టే మాస్టారి యంత్రం బతికింది. చప్పుడుకి గొంతు నొక్కడం కాదు, వేడికి సుఖమైన దారి చూపించడం అసలు మందు. వేడి తగ్గితే ఫ్యాన్ నెమ్మదిస్తుంది, ఫ్యాన్ నెమ్మదిస్తే చప్పుడు దానంతటదే అణుగుతుంది.

ఈ ఫ్యాన్ గోల కొత్తదేం కాదు. ఆపిల్ స్టీవ్ జాబ్స్‌కి కంప్యూటర్లో ఫ్యానంటేనే గిట్టేది కాదు. 1984లో వచ్చిన మొదటి మెకింతోష్‌ని ఫ్యాన్ లేకుండానే తయారుచేశారు. 2003లో ఎన్‌విడియా తెచ్చిన ఓ గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ ఎంత మోత పెట్టిందంటే, దానికి జనం వ్యాక్యూమ్ క్లీనర్ పేరు పెట్టి వెక్కిరించారు. చివరికి ఆ కంపెనీవాళ్లే తమ మీద తామే జోకులేసుకుంటూ వీడియో తీశారు!

సరే, మాస్టారి సంగతికొద్దాం. వీధి చివర కంప్యూటర్ రిపేర్ల కుర్రాడు ఆయన పాత శిష్యుడు. ఆదివారం మధ్యాహ్నం బ్లోయర్ పట్టుకుని వచ్చాడు. 'ముందు ఏది మోగుతోందో చూద్దాం మాస్టారండీ' అంటూ పక్క రేకు విప్పి, చెవి దగ్గరగా పెట్టాడు. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టే. ఆ తర్వాత డబ్బాని పెరట్లోకి మోసుకెళ్లి బ్లోయర్ పెట్టాడు. ఒక్కసారిగా లేచిన దుమ్ముకి పక్కింటి గోడమీద పిల్లి పారిపోయింది. ప్రాసెసర్ మీదుండే అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము దూదిపరుపులా అట్టకట్టింది. గాలి దూరే సందే లేదు. ఇక ఫ్యాన్ ఎంత గింజుకుంటే మాత్రం ఏం లాభం! గాలి కొట్టేటప్పుడు కుర్రాడు ఫ్యాన్ రెక్కని వేలితో గట్టిగా పట్టుకున్నాడు. వదిలేస్తే బ్లోయర్ గాలికి అది హద్దుమీరి తిరిగి బేరింగ్ పాడవుతుందట. ప్రాసెసర్‌కీ ఆ లోహపు ముక్కకీ మధ్య రాసే థర్మల్ పేస్టు ఎండి సున్నంలా రాలింది. పాతది తుడిచి, శనగబద్దంత కొత్తది పెట్టి బిగించాడు.

కరెంటు లోపలికొచ్చే ఎస్‌ఎంపీఎస్ పెట్టె జోలికి మాత్రం మాస్టారిని రానివ్వలేదు. 'ప్లగ్గు పీకేసినా లోపల కెపాసిటర్లలో మూడొందల వోల్టుల పైన నిలవుంటుందండీ. దాన్ని విప్పొద్దు' అన్నాడు. బయటినుంచే గాలి కొట్టి వదిలేశాడు.

స్విచ్ వేశారు. ప్రాసెసర్ ఫ్యాన్ మెత్తబడింది. కానీ మోత అంతా పోలేదు. మాస్టారికి నిరాశ. ఇక్కడో చిన్న లెక్కుంది. ఒకే స్థాయిలో మోగే రెండు ఫ్యాన్లలో ఒకటి పూర్తిగా ఆపేసినా తగ్గేది 3 డెసిబెల్సే. చెవికి మోత సగమైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి. అందుకే పెద్ద గొంతున్నవాణ్ని ముందు కూర్చోబెట్టి, తర్వాత రెండోవాడి దగ్గరికి వెళ్లాలి. క్లాసులో అల్లరి అణచడం లాంటిదే. ఆ విద్య మాస్టారికి ఎవరూ నేర్పక్కర్లేదు.

రెండోవాడు వెనకవైపున్న 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాను. 'కర్‌ర్' మంటున్నది అదే. బేరింగ్ ఎండిపోయింది. 'కుట్టుమిషన్ నూనె ఉందాండీ?' అన్నాడు కుర్రాడు. ఆవిడ లేచి, గోడ పట్టుకుని, లోపలి గదిలో మిషన్ సొరుగు తడిమి నూనె డబ్బా తెచ్చింది. సూదిలో దారం ఎక్కించలేక ఆ మిషన్ ముట్టుకుని నాలుగేళ్లు. ఫ్యాన్ మధ్యనున్న స్టిక్కరు ఎత్తి ఒకే ఒక్క చుక్క వేసి మళ్లీ అతికించాడు. కర్‌ర్ ఆగింది. 'ఇది కొన్నాళ్లకే మాస్టారండీ. మళ్లీ మొదలెడితే మార్చేయడమే' అన్నాడు.

నెల తిరక్కుండానే మళ్లీ మొదలెట్టింది. ఈసారి దాని జాగాలో 120 మిల్లీమీటర్లది పెట్టించారు. డబ్బాలో దానికి కన్నాలు ఉండబట్టి సరిపోయింది. పెద్ద ఫ్యాన్ పెడితే పెద్ద చప్పుడు రాదూ అని ఆవిడకి అనుమానం. నిజానికి తిరగబడి ఉంటుంది వ్యవహారం. ఆ పెద్దది, చిన్నదాని వేగంలో మూడోవంతు తిరిగినా దాదాపు అంతే గాలి తోలుతుంది. వేగం సగానికి తగ్గితే ఫ్యాన్ మోత ఇంచుమించు 15 డెసిబెల్స్ పడిపోతుంది. వేడి తక్కువున్నప్పుడు ఫ్యాన్లు నెమ్మదిగా, ఎక్కువైనప్పుడు జోరుగా తిరిగేలా బయోస్‌లో కుర్రాడు సర్దిపెట్టాడు. ఇది మాత్రం పైసా ఖర్చులేని పని. చాలామంది యంత్రాల్లో ఆ సదుపాయం ఉన్నా ఎవరూ తెరిచి చూడరు.

ఇక మిగిలింది సన్నటి ఝంకారం. తంబురా శ్రుతిలా ఒకటే స్వరం. అది హార్డ్ డిస్కు. నిమిషానికి 7,200 చుట్లు, అంటే క్షణానికి 120. ఆ కంపనం డబ్బా రేకుకి పాకి, రేకునుంచి కింద ప్లైవుడ్ బల్లకి పాకి, బల్ల మొత్తం తబలాలా పలుకుతోంది. బల్లమీద అరచెయ్యి ఆనిస్తే తెలిసింది. మాస్టారు తెగిపోయిన హవాయి చెప్పు ఒకటి వెతికి, నాలుగు ముక్కలు కోసి డబ్బా కాళ్ల కింద పెట్టారు. బల్లమీంచి దించి, కిందనున్న పీటమీద పెట్టారు. పీట ఎందుకంటే నేలమీద పెడితే ఊడ్చిన దుమ్మంతా మళ్లీ దాని పొట్టలోకే. ఝంకారం చాలావరకు పోయింది. దీపావళికి వచ్చిన మనవడు ఆ డిస్కే తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టాడు. అందులో తిరిగేదేమీ ఉండదు కాబట్టి చప్పుడు ప్రసక్తే లేదు. పైగా పదేళ్ల నాటి ఆ కంప్యూటర్ కళ్లు తెరవడానికి పట్టే సమయం నాలుగోవంతుకి తగ్గింది. ముందే ఈ పని చేసుంటే చెప్పు మిగిలేది అని ఆవిడ వేళాకోళం.

బొంత కూడా చివరికి తన చోటు తను వెతుక్కుంది. మాస్టారు కూర్చునే కుర్చీ వెనక దండెం కట్టి దానిమీద ఆరేశారు. గోడలకి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని అది పీల్చేస్తుంది. మైకు మూరెడు దూరంనుంచి జానెడు దగ్గరకి జరిపారు. గొంతు దగ్గరైతే మిగతావన్నీ వెనక్కి పోతాయి.

మన దేశంలో 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే ప్రాంతంలో రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదు. పడకగదిలో 30 దాటకపోతే నిద్ర చెడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పింది. లౌడ్‌స్పీకర్లూ హారన్లూ మధ్య ఆ అంకెలు మనకి నవ్వులాటే. కానీ ఒక గదిలో ఒక మోత ఆగాక మిగతావి ఒక్కొక్కటే ఎలా బయటపడతాయో ఆ ఇంట్లో చూడాలి. గోడగడియారం టిక్కుటిక్కు. పెంకుల మీద ఉడత పరుగు. సీలింగ్ ఫ్యాన్ కీచు. మే నెలలో ఆ ఫ్యాన్ కూడా కట్టేసి, బనీనుతో, భుజాన తువ్వాలుతో మాస్టారు చదవడం మొదలెట్టారు. అధ్యాయం అయ్యేసరికి తువ్వాలు పిండితే నీళ్లే.

ఓ ఉదయం కాఫీ గ్లాసు అందిస్తుంటే ఆవిడ అంది.

'పన్నెండో అధ్యాయంలో కాగితాలు వదిలేశారు కదూ?'

'లేదే' అన్నారు మాస్టారు.

'కాగితం తిప్పిన చప్పుడు రాత్రి స్పష్టంగా వినబడిందండీ. ఒకటి కాదు, మూడు తిప్పారు. ఇదివరకైతే ఆ గుయ్‌మనే దాంట్లో కలిసిపోయేది.'

మాస్టారు కాఫీ వైపు చూస్తూ ఊరుకున్నారు. ఆ మూడు కాగితాల్లో ఉన్నది నాయకుడు చనిపోవడం, ఒక్కర్తే మిగిలిన ఆవిడ ఇల్లు సర్దుకోవడం. రెండుసార్లు చదవబోయి గొంతు పూడుకుపోయి, మూడోసారి దాటేశారు.

'అది సీరియల్‌గా వచ్చినప్పుడే మూడువారాలు ఏడ్చానండీ. ఇప్పుడు కొత్తగా ఏడ్చేదేం లేదు. చదవండి. గొంతు బొంగురుపోతే పోనివ్వండి, అతకొద్దు.'

ఆ మధ్యాహ్నం మాస్టారు కిటికీ తలుపులు దగ్గరగా వేశారు. సీలింగ్ ఫ్యాన్ కట్టేశారు. పుస్తకంలో పన్నెండో అధ్యాయం తీసి, కళ్లజోడు తుడుచుకుని, ఎర్ర బటన్ నొక్కారు. గుమ్మం అవతల చాపమీద కూర్చున్న ఆవిడ, గాజులు మోగకుండా చేతులు ఒళ్లో పెట్టుకుంది.