తాడిపత్రికి సైకిలు టిక్కెట్టు

"రైల్లో పోయేది మీరా, సైకిలా?" అని అడిగింది మా ఆవిడ. ఇద్దరమూ పోతామన్నాను. "అయితే మిమ్మల్ని కూడా పార్సిలు పెట్టెలోనే వేయమనండి, టిక్కెట్టు కలిసివస్తుంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఈ పిచ్చి నాకు 2016లో అంటుకున్నది. ఆ యేడు మా అబ్బాయి దగ్గర జర్మనీలో రెండు నెలలున్నాను. అక్కడ ఊరూరా ఆగే రైళ్ళలో కొన్ని తలుపుల మీద సైకిలు బొమ్మ వేసి వుంటుంది. సైకిలుకు వేరే టిక్కెట్టు కొని, తోసుకుంటూ ఎక్కి, గోడకు ఆనించి, పక్కనే మడతసీటు వాల్చుకుని కూర్చోవడమే. చక్రాల కుర్చీగాని, చంటిపిల్లల బండిగాని వస్తే ముందు వాటికే చోటు. అతి వేగంగా పోయే రైళ్ళలో చాలావాటికి అప్పట్లో యీ వేషాలు పనికివచ్చేవి కావు. స్టుట్‌గార్టు నుంచి ట్యూబింగెన్ వైపు నెకార్ నది పక్కన అలా పోయాను. నిండుగా పారే ఆ నదిని చూసినప్పుడల్లా నాకు పెన్న గుర్తుకు వచ్చేది. చిత్రమే మరి!

మా అమ్మ తాడిపత్రిలో పుట్టింది. ఎనభై ఆరేళ్ళు; ప్రయాణం చెయ్యలేదు. "ఒక్కసారి బుగ్గరామలింగేశ్వరుడి దగ్గర నీళ్ళు ఊరుతున్నాయో లేదో చూసి, చిన్న సీసాలో తెచ్చిపెట్టరా" అని యెన్నాళ్ళుగానో అడుగుతున్నది. యేడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లాలో, వరుసగా కరువు వార్తలు వింటూ ఆమెకు ఆ ఊట మీద బెంగ పట్టుకున్నది.

2019 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున గుంతకల్లు స్టేషనుకు చేరాను. మన దగ్గర పద్ధతి వేరు. సైకిలును కాటా మీద పెట్టి, తూకానికి డబ్బు కట్టి, హేండిలుకు ఒక చీటీ, కడ్డీకి ఒక చీటీ కట్టి, రసీదు పుచ్చుకోవాలి. దాన్ని గార్డు దగ్గరి సామాన్ల పెట్టెలోకి ఎక్కించేదాకా నేను కదలలేదు. పిల్లను అత్తవారింటికి పంపినట్లే వున్నది.

పాసింజరు గుత్తి దాటింది, రాయలచెరువులో ఆగింది. బొంబాయి, మద్రాసు పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ పాత దారే యిది. ఎక్స్‌ప్రెస్సులో యిక్కడి భూమి అంతా ఒకటే ఎర్రగా జారిపోతుంది. పాసింజరు ఆగిన చోటల్లా అది విడివిడిగా కనబడుతుంది. వేరుశనగ తీసేసిన బీడు, దాని పక్కన బోరు వున్నంత మేర చీనీతోట, ఆ తోట హద్దు దాటగానే మళ్ళీ రాళ్ళు. ఒక రైతు చీనీకాయల గంపతో ఎక్కి, నా ఎదుట కూర్చుని, "ఈ యేడు తోటకు ట్యాంకరు తోలి నీళ్ళు పోసినా సామీ. కాయ అమ్మితే ట్యాంకరు బాకీ తీరుతాది, అంతే" అన్నాడు. నాకు రెండు కాయలిచ్చి, డబ్బిస్తే పుచ్చుకోలేదు.

తాడిపత్రిలో దిగగానే రైలు చివరికి పరుగెత్తి, రసీదు చూపించి సైకిలు దింపించుకున్నాను. ఊరి చుట్టూ బండల కార్ఖానాలు. మన వంటగదుల గట్లకు వేసే నల్లబండలు కోసి నున్నగా పాలిషు పడుతుంటారు. దారిపొడుగునా తెల్లని దుమ్ము. చింతల వెంకటరమణస్వామి ఆలయంలో రథం ఆకారంలో మలచిన గరుడ మండపాన్ని తనివితీరా చూసి, పెన్న ఒడ్డుకు తొక్కాను.

బుగ్గరామలింగేశ్వరాలయం కూడా విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు కట్టించినదే. అక్కడ పూర్తికాని గోపురాలున్నాయి. పైన అంతస్తులు లేవు. నిటారుగా లేచిన రాతి అడుగుభాగం మాత్రమే. కాని ఆ రాతి మీద అరచేయంత చోటు కూడా ఖాళీ లేదు! ఫెర్గూసన్ అనే దొర 19వ శతాబ్దంలోనే వీటిని మెచ్చుకుని వ్రాశాడు. నేను మాత్రం సరిగా చూడలేదు. నా దృష్టంతా లోపల వున్నది.

పూజారిగారు దీపం దగ్గరగా పట్టారు. లింగం పాదాన తడి మెరిసింది, సన్నగా నీరు. "వుందండీ" అన్నారాయన నవ్వుతూ, నా ముఖంలో యేమి చదివారో. సీసా నింపి ఇచ్చారు.

బయటికి వచ్చి నదిలోకి చూస్తే కనుచూపు మేర యిసుకే. అంచున సైకిలు తోసుకుంటూ పోయాను. అక్కడే సర్కారుతుమ్మ ముల్లు దిగింది. సాయంత్రం బండికి గంటన్నర టైముంది. దానికి ముందే సైకిలు బుక్కు చెయ్యాలి. యెండలో మైలు దూరం నడిచాక పంక్చరు కొట్టు దొరికింది. కొట్టతను ట్యూబును తట్టలో నీళ్ళలో ముంచి తిప్పి తిప్పి చూశాడు. తట్టలో నీళ్ళు రెండు చెంబులకు మించి లేవు. ఉదయం నుంచీ అవేనట. "ఇదో, బుగ్గ వచ్చె సామీ!" అన్నాడు. ఆ మాటకు నేనెందుకు నవ్వానో అతనికి అర్థం కాలేదు. పని అయ్యాక ఆ నీటిని పారబోయకుండా తట్టను నీడలోకి జరిపాడు.

స్టేషనుకు రొప్పుతూ చేరితే బండి నలభై నిమిషాలు లేటు. రైలు ఆలస్యానికి దండం పెట్టుకోవడం నా జన్మలో అదే మొదలు.

రాత్రి అమ్మ సీసాను దీపానికి ఎదురుగా పట్టి చాలాసేపు చూసింది. కాసిని నీళ్ళు అరచేతిలో పోసుకుని కళ్ళకద్దుకుంది.

"ఏట్లో నీళ్ళున్నాయా?"

"లేవమ్మా, యిసుకే."

"చెలమ తవ్వి చూశావా?"

లేదన్నాను.

"మోచేతి లోతు తవ్వితే వచ్చేవి, మా చిన్నప్పుడు" అని సీసా మూత బిగించి, "ఈసారి పోయినప్పుడు తవ్వి చూడు. సైకిలు వుందిగా" అన్నది.