ఏకశేషం

సంస్కృత వ్యాకరణంలో ఏకశేషమనే వృత్తి ఒకటి ఉన్నది. మాతా చ పితా చ పితరౌ. మాతృశబ్దం లోపిస్తుంది, మిగిలిన పితృశబ్దం ద్వివచనరూపం ధరించి ఇద్దరి అర్థాన్నీ తానే మోస్తుంది.

శరీరంలోనూ ఇటువంటి ఏకశేషం ఉన్నది. గర్భంలో అయిదవ వారం ప్రాంతంలో మూత్రనాళపు మొగ్గ మొలచి సమీపంలోని కణజాలాన్ని చేరుతుంది. ఆ రెండింటి పరస్పర ప్రేరణ వల్లనే మూత్రపిండం రూపొందుతుంది. ఆ కలయిక జరగకపోతే ఆ వైపు అవయవమే ఏర్పడదు. సుమారు వెయ్యిమందిలో ఒకరు ఇట్లా పుడతారు. చాలామందికి ఆ సంగతే తెలియదు. ఎందుకంటే రెండవది గర్భంలో ఉండగానే పెద్దదై, లేనిదాని పని కూడా అందుకుంటుంది.

ఈ పెరుగుదలలో ఒక విశేషం ఉన్నది. రక్తాన్ని వడగట్టే నెఫ్రాన్లు ఒక్కొక్క మూత్రపిండంలో సగటున 10 లక్షల వరకు ఉంటాయి. గర్భంలో 36వ వారం దాటితే కొత్తవి పుట్టవు. అటుపైన పెరిగేది సంఖ్య కాదు, ఉన్నవాటి పరిమాణమే.

ఒక్కటి చాలునా అన్న సందేహం పాతది. 1869లో హైడెల్‌బర్గులో గుస్తావ్ సైమన్ ముందుగా కుక్కలపై పరీక్షించి, ఒక స్త్రీకి ఒక మూత్రపిండం తొలగించాడు, ఆమె కోలుకున్నది. 1954లో బోస్టనులో కవల సోదరునికి ఒక మూత్రపిండమిచ్చిన రొనాల్డ్ హెరిక్ ఆ తరువాత 56 ఏళ్లు జీవించాడు.

అయినా బరువు బరువే. ఒక్కొక్క నెఫ్రాన్ ఎక్కువగా వడగట్టవలసి రావడంతో కొందరిలో కాలక్రమాన రక్తపోటు పెరుగుతుంది, మూత్రంలో ప్రోటీను పోతుంది. కనుక ఈ రెండింటినీ క్రమం తప్పక పరీక్షించుకోవాలి. వైద్యుని అడగకుండా నొప్పి మాత్రలు మింగరాదు.

ఇదంతా నేను చదువుకొనడానికి కారణం మా చెల్లెలి మనుమరాలు. కడుపునొప్పికి స్కానింగు తీయిస్తే ఎడమ మూత్రపిండం లేదని తేలింది. పిల్లకు పదకొండేళ్లు. "అన్నయ్యా, ఈ మాట బయటికి పొక్కనీయకు. రేపు పెళ్లి కావలసిన పిల్ల. దానికి కూడా చెప్పవద్దు" అన్నది చెల్లెలు.

ఆమె భయం నాకు అర్థం కాకపోలేదు. "ఊరికి చెప్పనక్కరలేదమ్మా. పిల్లకు మాత్రం తెలియాలి. రేపు ఏ జ్వరానికో ఏ వైద్యుని దగ్గరకో వెళితే, ఈ సంగతి చెప్పవలసినది అదే కదా. కట్టుకోబోయేవానికీ అదే చెప్పుకుంటుంది" అన్నాను.

చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే సెలవులకు వస్తుందిగా, నువ్వే చెప్పు. లోపమన్న మాట మాత్రం అనకు" అన్నది చివరకు.

అననని మాట ఇచ్చాను.