అడవి ఊళ్లో ఉంది, దాని డబ్బు ఎక్కడ ఆగుతోంది?

మన నాగాయలంక, కోడూరు వైపు సముద్రం ఒడ్డున మడ అడవి ఉంది కదా. 1977 నవంబరు 19 ఉప్పెన చూసినోళ్లకి ఆ చెట్ల విలువ వేరే చెప్పక్కర్లేదు. కానీ అది ప్రభుత్వ అడవి. పంచాయతీకి దాని మీద పన్నంటూ రాదు.

మరి అడవుల లెక్కన డబ్బు అసలు రావట్లేదా? వస్తోంది. కేంద్రం పన్నుల్లో రాష్ట్రాల వాటాలు తేల్చేటప్పుడు అడవికి 14వ ఆర్థిక సంఘం 7.5 శాతం, 15వ సంఘం 10 శాతం వెయిటేజీ ఇచ్చాయి. అయితే ఆ సొమ్ము రాష్ట్ర ఖజానాలో కలిసిపోద్ది. ఏ ఊరి అడవికి ఎంత అనే లెక్క అందులో ఉండదు.

అమెరికాలో 1908లోనే చట్టం చేశారు. జాతీయ అడవుల ఆదాయంలో 25 శాతం, ఆ అడవులున్న కౌంటీల్లో బడులకి, రోడ్లకి ఇవ్వాలని. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కలప ఆదాయం పడిపోయాక 2000లో ఇంకో చట్టం తెచ్చి ఆదుకున్నారు.

మనం చెట్లు కొట్టి వాటా ఇమ్మనట్లేదు, నిలబెట్టినందుకు ఇమ్మంటున్నాం. మడ పోతే ఉప్పునీళ్లు వచ్చేది మన చేలోకే. వచ్చే గ్రామసభలో దీన్ని తీర్మానంగా రాయించండి. నోటిమాట ఫైల్లోకి ఎక్కదు.